హవాయిలో పండు ఈగల జీవనియంత్రణ: గుర్తింపునకు రాని ఒక కందిరీగ చరిత్ర

హవాయి దీవులలో పండు ఈగల జీవనియంత్రణను సాధారణంగా ప్రణాళికాబద్ధమైన శాస్త్రవిజయంగా పేర్కొంటారు. అయితే వాటిలో ప్రాచ్య పండు ఈగపై అత్యధిక ఫలితమిచ్చిన కందిరీగ, విడుదలైన నాటికి ప్రత్యేక జాతిగా గుర్తింపునే పొందలేదు.

ఈ ప్రయత్నాలకు నేపథ్యం పాతదే. 1910లో మధ్యధరా పండు ఈగ హవాయిలో కనిపించగా, దాని సహజశత్రువుల కోసం ఇటలీ కీటకశాస్త్రజ్ఞుడు ఫిలిప్పో సిల్వెస్ట్రి 1912-13లో ఆఫ్రికాలో అన్వేషణ జరిపాడు. దోసజాతి పంటలను నాశనం చేసే మరొక ఈగను అదుపుచేయడానికి 1916లో ఫుల్లవే భారతదేశం నుండి ఒక పరాన్నజీవి కందిరీగను తీసుకువెళ్ళాడు.

తెలుగునాట మామిడి రైతులకు చిరపరిచితమైన ప్రాచ్య పండు ఈగ (బ్యాక్ట్రోసెరా డోర్సాలిస్) రెండవ ప్రపంచయుద్ధం ముగిసే కాలానికి హవాయి చేరింది. 1947 తరువాత ఆసియా ప్రాంతాల నుండి అనేక పరాన్నజీవులను సేకరించి అక్కడ విడిచిపెట్టారు. మొదట ఒక జాతి, తరువాత మరొకటి ప్రాబల్యం వహించాయి. 1950 నాటికి ఆ రెండింటినీ తోసిరాజని మూడవది నిలిచింది. అదే నేటి ఫోపియస్ అరిసానస్.

ఇది అంతవరకు గుర్తింపునకు రాకపోవడానికి కారణం దాని జీవనవిధానమే. ఈ కందిరీగ ఈగ గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. కానీ పెరిగి బయటికి వచ్చేది ఈగ ప్యూపా నుండి. లార్వాలపై దాడిచేసే కందిరీగలు కూడా అక్కడినుండే వెలువడతాయి. రూపంలోనూ పోలిక ఉన్నందువల్ల ఇది వాటిలో కలిసిపోయింది. వాన్ డెన్ బాష్, హరమోతో 1951లో దీని అసలు స్వభావాన్ని ప్రకటించారు. అదే ఏడాది ఫుల్లవే దీనికి ‘గుడ్డుపై ప్రీతి గలది’ అన్న అర్థం వచ్చే ఊఫిలస్ అనే పేరు పెట్టాడు. అయితే తైవాన్‌లో దొరికిన ఇదే జాతిని సోనన్ 1932లోనే అరిసానస్‌గా వర్ణించినట్లు తరువాత తేలింది. గుడ్డు దశలోనే ఆతిథేయిని ఆక్రమించడం వల్ల, అదే ఈగలో తరువాత ప్రవేశించే ఇతర పరాన్నజీవులను ఇది ఎదగనివ్వదు.

ఈగ సంతతి తగ్గినా నిర్మూలన కాలేదు. పండ్ల ఎగుమతిపై నిర్బంధాలు తొలగలేదు. 1996లో అదే ఈగ తహితిలో బయటపడినప్పుడు, 2002 నుండి హవాయి కందిరీగలను అక్కడ విడుదల చేశారు. ఈసారి ఎంపిక యాదృచ్ఛికం కాదు, జాతి పేరూ జీవనక్రమమూ తెలిసి చేసినది. ఈ రెండు ఘట్టాల మధ్య భేదం పరాన్నజీవుల సంఖ్యలో లేదు. వర్గీకరణశాస్త్రమూ ప్రయోగశాల పరిశీలనా సమకూర్చిన జ్ఞానంలో ఉంది. జీవనియంత్రణ చరిత్రను విడుదలల జాబితాగా మాత్రమే రాస్తే ఈ శ్రమ కనుమరుగవుతుంది.