హ్యూస్టన్ పోతున్నరా? పన్ను లేదన్న సంబురం పక్కకు వెట్టి లెక్క జూడున్రి

టెక్సాస్ గురించి మన పిల్లలకు మొదలు చెప్పే మాటలు రెండే. జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. కిరాయిలు న్యూయార్క్, కాలిఫోర్నియా కన్న అగ్గువ. రెండూ నిజమే. కన్సల్టెన్సీల గూడ ఇదే చెప్తరు, ఆడికి పోయిన సీనియర్లు గూడ ఇదే చెప్తరు. ఐతే ముచ్చట గంతటితోనే ఆపేస్తరు. పన్ను తీస్కోని సర్కారు ఏయే పనులు మనకే ఇడిసిపెడ్తదో, అవి ఎవరి నెత్తిన వడ్తయో చెప్పెటోళ్లు తక్కువ. వరద, కారు, కరెంటు, దవాఖాన. ఈ నాలుగింటి భారం అక్కడ చానామట్టుకు మనిషి మీదనే ఉంటది. భూమి కుదువ వెట్టి, బ్యాంకుల అప్పు దీస్కొని పోయే ఇండ్లకు ఈ లెక్క విమానం ఎక్కకముందే తెల్వాలె.

టెక్సాస్‌ల అన్నిటికన్న పెద్ద పట్నం హ్యూస్టన్. 2020 జనాభా లెక్కల ప్రకారం నగరంల 23 లక్షల మంది ఉన్నరు. దేశం మొత్తంల నాలుగోది. కేటీ, షుగర్‌ల్యాండ్, పియర్‌ల్యాండ్ లాంటి చుట్టుపక్కల ఊర్లు కలిపితే 70 లక్షలు దాటుతది. నూనె, గ్యాస్ కంపెనీలు, పెద్ద ఓడరేవు, టెక్సాస్ మెడికల్ సెంటర్, నాసా వాళ్ల జాన్సన్ స్పేస్ సెంటర్, అన్నీ ఇక్కడనే. తెలుగోళ్లు మస్తు మంది ఉన్నరు. పియర్‌ల్యాండ్‌ల మీనాక్షి అమ్మవారి గుడి ఉన్నది. మంచి ఊరే. కొలువులున్న ఊరే. కాకపోతే తయారై పోయినోనికి ఒక తీరు, తెల్వక పోయినోనికి ఒక తీరు కనవడ్తది.

ఇల్లు జూసే ముందు నీళ్లు జూడున్రి

మన దగ్గర చెరువు శిఖంల ప్లాట్లు చేసి అమ్ముడు కొత్త కాదు. ఎండకాలం పోతే మైదానం, వానకాలం పోతే చెరువు. హ్యూస్టన్‌ల గూడ అచ్చం ఇదే కథ నడిచింది.

నగరానికి పడమటి దిక్కు ఆడిక్స్, బార్కర్ అని రెండు కట్టలున్నయి. 1929ల, 1935ల వచ్చిన వరదలకు నగరం మునిగితే, 1940లల్ల సైన్యం ఇంజనీర్లు కట్టిన్రు. వాటిల ఏడాదంత నీళ్లు ఉండవు. గట్టి వాన వచ్చినప్పుడే నింపుతరు. మిగిలిన రోజులు లోపల పార్కులు, గడ్డి, చెట్లు. నీళ్లు నిండితే ఎంత దూరం పారుతయో అంత భూమి సర్కారు అప్పట్ల కొనలేదు. మిగిలిన భూమిల బిల్డర్లు కాలనీలకు కాలనీలు కట్టి అమ్మిన్రు.

2017 ఆగస్టుల హార్వీ తుఫాను వచ్చింది. నాలుగైదు రోజులల్ల చానా తావుల 30 అంగుళాలు దాటి వాన కొట్టింది, కొన్ని చోట్ల 40 గూడ దాటింది. మన తెలంగాణల ఏడాది పొడుగున వడే వాన సుమారు అంతే. కట్టల లోపలి కాలనీలు మునిగినయి. కట్టలు తెగొద్దని గేట్లు లేపితే కింది కాలనీలు మునిగినయి. తమ ఇల్లు శిఖంల ఉన్నదన్న సంగతి చానా మందికి నీళ్లు గడప దాటినంకనే తెల్సింది.

ఇంకో సంగతి. ఏ జాగల ఇండ్లు, ఏ జాగల ఫ్యాక్టరీలు అని విడదీసే జోనింగ్ చట్టం హ్యూస్టన్‌ల లేదు. 1948, 1962, 1993ల ఓటింగు పెడితే మూడుసార్లు జనమే వద్దన్నరు. ఇల్లు పక్కన గోదాము ఉండొచ్చు, ఓడరేవు దిక్కు పోతే రసాయనాల ట్యాంకులు ఉండొచ్చు. అందుకని ఫోటోల ఇల్లు మంచిగున్నదని ఒప్పుకోవద్దు. మ్యాపుల చుట్టుపక్కల ఏమున్నదో జూడాలె.

చెయ్యాల్సిన పనులు ఇవి. అడ్రసు దొరకంగనే ఫెమా వరద మ్యాపుల కొట్టి జూడున్రి, పైస ఖర్చు లేదు. 2022 నుంచి టెక్సాస్‌ల ఒక చట్టం ఉన్నది. ఇల్లు వరద ప్రాంతంల ఉంటే, గడిచిన 5 ఏండ్లల్ల మునిగి ఉంటే, కిరాయికి ఇచ్చెటాయన ఆ సంగతి రాతల చెప్పాలె. ఆ కాయిదం అడుగున్రి. కిరాయిదారు బీమా వరద నష్టం ఇయ్యదు. వరద బీమా వేరే తీస్కోవాలె, సర్కారు వరద బీమాకు మామూలుగ 30 రోజుల గడువు ఉంటది. మొగులు వట్టినంక కొంటే పనికిరాదు. తుఫాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాంక. ఆగస్టుల దిగే విద్యార్థి సక్కగ దాని నడిమిట్లనే దిగుతడు. పాస్‌పోర్టు, ఐ-20, సర్టిఫికెట్లు నీళ్లు తాకని సంచిల వెట్టి పైన వెట్టుకోవాలె.

కారు లేకుంటే కాలు లేనట్టే

నగరం విస్తీర్ణం సుమారు 1,650 చదరపు కిలోమీటర్లు. పాత జీహెచ్ఎంసీ 650. అంటే రెండున్నర హైదరాబాదులు. మెట్రో సంస్థ బస్సులు, మూడు రైలు లైన్లు ఉన్నయి గని పెద్ద ఎయిర్‌పోర్టుకు గూడ రైలు పోదు. కేటీకి, షుగర్‌ల్యాండ్‌కు రైలు లేదు. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌ల చదివెటోళ్లకు పర్పుల్ లైన్ క్యాంపస్ పక్కనుంచే పోతది. ఆ లైను పొంటి ఇల్లు దొరికితే మొదటి ఏడాది కారు లేకుండ గడుస్తది. క్లియర్ లేక్ క్యాంపస్ దూరం, రైలు లేదు, ఆడ కారు లెక్క ముందే వేస్కోవాలె.

కారు అంటే కారు ధర ఒక్కటే కాదు. బీమా లేకుండ నడుపొద్దు. చట్టం అడిగే కనీస బీమా, ఎదుటోనికి దెబ్బ తాకితే మనిషికి 30 వేల డాలర్లు, మొత్తం 60 వేలు, బండ్లు వస్తువులకు 25 వేలు. ఇది ఎదుటోని నష్టానికే. మన బండి వరదల మునిగితే ఒక్క పైస రాదు, దానికి కాంప్రహెన్సివ్ బీమా ఉండాలె. కొత్తగ లైసెన్సు తీస్కునెటోళ్లకు బీమా మస్తు పిరం. 18 నుంచి 24 ఏండ్ల నడుమ ఉన్నోళ్లు మొదటిసారి లైసెన్సుకు పోతే 6 గంటల డ్రైవింగ్ కోర్సు చెయ్యాలె.

పాత కారు కొనేటప్పుడు ఇంకో మోసం ఉంటది. వరదల మునిగిన కార్లు కడిగి, తుడిచి అమ్ముతరు. బండి నంబరు కాదు, విన్ నంబరు వెట్టి చరిత్ర తియ్యాలె. టైటిల్ కాయిదం మీద అమ్మెటాయన పేరు, ఆయన గుర్తింపు కార్డు పేరు కలవాలె. పైసలు ఇచ్చుడు, టైటిల్ మార్పు ట్యాక్స్ ఆఫీసుల ఇద్దరు కలిసి పోయి చేస్కుంటే మంచిది. టోల్ రోడ్ల మీద మన దగ్గరలెక్క ఆపి పైసలు తీస్కోరు. ట్యాగు లేకుండ పోతే ఫోటో కొట్టి బిల్లు పంపుతరు, కట్టకపోతే దాని మీద జుర్మానా ఎక్కుతది.

పోలీసు లైటు వేస్తే మన తాన బండి ఆపి, దిగి సారు దగ్గరికి పోతం. ఆడ దిగొద్దు. పక్కకు ఆపి, చేతులు స్టీరింగ్ మీద కనవడేటట్టు వెట్టి, అడిగినంకనే కాయిదాలు తియ్యాలె. 2021 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌ల 21 ఏండ్లు నిండినోళ్లు చానామంది లైసెన్సు లేకుండనే తుపాకి వెట్టుకోవచ్చు. రోడ్డు మీద ఎవడన్న అడ్డమొస్తే హారన్ కొట్టి కొట్లాటకు దిగే అలవాటు ఇక్కడనే ఇడిసిపోవాలె.

కరెంటు గూడ మనమే ఎంచుకోవాలె

మన దగ్గర మీటరు వస్తే ఒక్కటే డిస్కం. హ్యూస్టన్‌ల తీగలు ఒక కంపెనీవి, కరెంటు అమ్మెటియ్యి పదుల కొద్ది కంపెనీలు. రాష్ట్ర కమిషన్ నడిపే పవర్ టు చూజ్ సైటుల ధరలు పోల్చుకోవచ్చు. ఆడ జూపించే ధర నెలకు 1,000 యూనిట్లు కాల్చినోనికి. మీరు 500 కాలిస్తే యూనిట్ ధర ఎక్కువ వడొచ్చు. ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అని ఒక కాయిదం ఉంటది, అండ్ల 500, 1,000, 2,000 యూనిట్లకు వేరువేరు ధరలు, నడుమల ఇడిసిపెడితే ఎంత కట్టాలో ఉంటది. అది సదువకుండ ఒప్పుకోవద్దు. హ్యూస్టన్ ఎండ మన వరంగల్ పొడి ఎండ కాదు, మచిలీపట్నం ఉక్క. ఏసీ నెలల తరబడి నడుస్తది.

2021 ఫిబ్రవరిల మంచు తుఫానుకు రాష్ట్రంల 45 లక్షల ఇండ్లకు పైన కరెంటు పోయింది. సర్కారు లెక్కనే 246 మంది సచ్చిపోయిన్రు. చలికి తట్టుకోలేక ఇంట్ల బొగ్గులు రాజేసినోళ్లు, గ్యారేజీల కారు ఇంజను నడిపినోళ్లు పొగకు పోయిన్రు. హోల్‌సేల్ రేటు ప్లాన్ తీస్కున్నోళ్లకు వేల డాలర్ల బిల్లులొచ్చినయి. తర్వాత చట్టం తెచ్చి ఆ రకం ప్లాన్లు ఇండ్లకు బంద్ పెట్టిన్రు. 2024 జూలై 8న బెరిల్ తుఫాను వస్తే హ్యూస్టన్ చుట్టు 20 లక్షలకు పైన కనెక్షన్లు పోయినయి, కొందరికి వారం దాటినంక వచ్చింది. తాగే నీళ్లు, పొయ్యి మీద పెట్టకుండ తినే తిండి, పవర్ బ్యాంకు ఎప్పుడు ఇంట్ల ఉండాలె. ఎంత చలి వెట్టినా ఇంట్ల కుంపటి ముట్టియ్యొద్దు.

కిరాయి కాయిదం మీద సంతకం

నలుగురు దోస్తులు కలిసి ఇల్లు తీస్కుంటరు. నాలుగో వంతు కడితే అయిపోయిందనుకుంటరు. చానా లీజులల్ల సంతకం వెట్టిన ప్రతి ఒక్కలు మొత్తం కిరాయికి జిమ్మేదార్లే. ఒకడు నడుమల వేరే ఊరికి పోతే వాని వాటా మిగిలినోళ్ల మీద వడ్తది. లీజు తెంపుకుంటే ఎంత కట్టాలె, వేరేటోన్ని పెట్టుకోనిస్తరా లేదా, సంతకానికి ముందే జూడాలె. కిరాయి ఇంత కన్న పెంచొద్దన్న కట్టడి లేదు. కట్టకపోతే మామూలుగ 3 రోజుల నోటీసు ఇచ్చి కోర్టుకు పోవచ్చు. ఆ కేసు రికార్డుల ఉంటది, తర్వాత ఇల్లు దొరుకుడు కష్టమైతది.

దిగిన రోజే గోడలు, కార్పెట్, నల్లాలు ఫోటోలు తియ్యున్రి. ఖాళీ చేసినప్పుడు కొత్త అడ్రసు రాతల ఇస్తే, డిపాజిట్ గని, కోతల లెక్క గని 30 రోజులల్ల ఇయ్యాలె. వాట్సాప్‌ల ఫోటోలు జూసి ఇండియా నుంచే అడ్వాన్సు పంపుడు మాత్రం వద్దు. తెలిసినోళ్లు ఆ ఇంట్ల కాలు వెట్టి చూడాలె.

దవాఖాన, కొలువు

టెక్సాస్‌ల పేదోళ్లకిచ్చే మెడికెయిడ్ బీమాను చానా రాష్ట్రాలు పెంచినట్టు పెంచలేదు. బీమా లేనోళ్ల శాతం దేశంలనే ఎక్కువ ఉన్న రాష్ట్రం ఇది. బీమా లేకుండ ఒక్క రోజు గూడ ఉండొద్దు. ఇంకోటి, రోడ్ల పక్కన అర్జెంట్ కేర్ లెక్కనే కనవడే చిన్న ఎమర్జెన్సీ రూములు మస్తున్నయి. జరానికి, దగ్గుకు అండ్లకు పోతే ఎమర్జెన్సీ బిల్లు వడ్తది. బోర్డు మీద ఎమర్జెన్సీ అని ఉన్నదా, అర్జెంట్ కేర్ అని ఉన్నదా సదివి లోపలికి పోవాలె. ఛాతిల నొప్పి, పెద్ద దెబ్బ ఐతే మాత్రం బిల్లు ఆలోచించకుండ 911 కొట్టాలె.

ఎఫ్-1 మీద పోయినోళ్లు చదువు నడిచే రోజులల్ల క్యాంపస్‌లనే, వారానికి 20 గంటల దాంకనే పనిచెయ్యాలె. అనుమతి లేకుండ బయట పనిచేస్తే వీసా మీదికే వస్తది. టెక్సాస్‌ల కనీస కూలి గంటకు 7.25 డాలర్లే, 2009 నుంచి మారలేదు. గ్యాస్ స్టేషన్ల రాత్రి డ్యూటీలల్ల మన పిల్లలు తుపాకులకు బలైన వార్తలు మనం చదివినయే. పార్ట్‌టైం చేసి అప్పు కడ్తనని లెక్క వేస్కొని పోతే ఆ లెక్క మొదటి నెలలనే తప్పుతది.

జీతం మీద రాష్ట్ర పన్ను లేకున్నా ఫెడరల్ పన్ను తప్పదు. హ్యూస్టన్‌ల కొన్నదాని మీద 8.25 శాతం సేల్స్ ట్యాక్స్. ఇల్లు, భూమి మీద పన్ను దేశంలనే ఎక్కువున్న రాష్ట్రాలల్ల టెక్సాస్ ఒకటి. ఓనరు అది మన కిరాయిలనే కలుపుకుంటడు.

అందుకని తమ్ముళ్లు, చెల్లెళ్లు, టెక్సాస్ అగ్గువ అని చెప్పెటోన్ని ఐదు ప్రశ్నలు అడుగున్రి. ఆ ఇల్లు ఎన్నడన్న మునిగిందా? కారు, బీమా, టోల్ కలిపి నెలకు ఎంత? కరెంటు బిల్లు ఆగస్టుల ఎంత వస్తది? బీమా దేనికి ఇస్తది, దేనికి ఇయ్యదు? కొలువు దొరకకుంటే ఆరు నెలలు గడిచే పైసలు ఉన్నయా? ఈ ఐదింటికి జవాబు రాసి అమ్మానాయినల ముందట వెట్టున్రి. సంతకం మీది కావొచ్చు, కుదువ వడ్డ భూమి వాళ్లది. ఆ కాయిదం జూసినంక గూడ లెక్క కుదిరితే, ధైర్యంగ పోయి రాన్రి.