పాత చిరునామా మీద తీర్పు

100 పౌండ్లంటే మన లెక్కన పది వేల రూపాయల పైమాటే. కోరుట్లలో మా అక్క నెలంతా తునికాకు ముందేసుకొని బీడీలు చుట్టినా అంత కూలి చేతికి రాదు. ఇంగ్లండులో అది ఒక చిన్న సంసారానికి వారం సరుకుల ఖర్చు. ఆ 100 పౌండ్ల కాగితం మా మేనల్లుడి ఆశలన్నీ మింగింది. వాడు దొంగతనం చెయ్యలేదు, ఎవరి అప్పూ ఎగ్గొట్టలేదు. ఇల్లు మారాడు.

అక్క పుట్టిల్లు సిరిసిల్ల. మా నాయిన సాంచాల మీద బట్ట నేసి బతికినవాడు. అత్తగారిల్లు కోరుట్ల. బావ గల్ఫులో ఏండ్ల తరబడి ఎండకు మాడి రెండు గదుల మీద స్లాబు వేశాడు. ఆ ఇంటి కాగితాలే బ్యాంకులో పెట్టి కొడుకును పై చదువుకు పంపాడు. బావకు ఒకటే పట్టింపు, ఎవరి పైసా మన దగ్గర ఉండొద్దని. జగిత్యాలలో మా ఇంటికి వచ్చినప్పుడు టవర్ దగ్గర హోటల్లో చాయ తాగినా, నా చెయ్యి జేబులోకి పోకముందే బిల్లు కట్టి లేస్తాడు. కొడుక్కూ అదే గుణం అబ్బింది. చివరికి వాణ్ణి ముంచిందీ ఆ గుణమే.

లెస్టర్‌లో ఎమ్మెస్సీ అయింది, ఉద్యోగం దొరికింది, పాత కారొకటి కొన్నాడు. నలుగురు మనవాళ్లతో కలిసి ఉన్న అద్దె ఇంటి చిరునామా మీద దాని రిజిస్ట్రేషన్ కాగితం వచ్చింది. ఒక రోజు రాత్రి షిఫ్టు దిగి, సూపర్ మార్కెట్ ముందు కారు ఆపి, సరుకులు తెచ్చుకొని, సీటు వెనక్కి వాల్చి కన్ను మూశాడు. రెండు గంటలే ఉచితమని స్తంభానికి బోర్డు ఉంది. లేచేసరికి ఆ గడువు దాటింది. ఎవరూ అద్దం తట్టలేదు, రసీదు చింపి ఇవ్వలేదు. లోపలికి వచ్చినప్పుడొకసారి, బయటికి పోయినప్పుడొకసారి కెమెరా నంబరు చదువుకుంది, అంతే.

మన దగ్గర స్టాండులో పిల్లవాడు టోకెన్ చేతిలో పెడతాడు. ఎక్కువ అడిగితే అక్కడే గొడవ, అక్కడే తీర్పు. 2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగుకు రుసుము తీసుకోవద్దని జీవో ఇచ్చినప్పుడు కూడా తగవు గేటు దగ్గరే తెగింది. బండి బయటికొచ్చాక వెంటపడేవాడు లేడు.

ఇంగ్లండులోనూ ఒకప్పుడు గొడవ బండి దగ్గరే జరిగేది. ప్రైవేటు స్థలంలో ఎక్కువసేపు ఆపితే చక్రానికి తాళం వేసేవారు. 2012 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లో ఆ తాళాలు నిషేధించారు. జనం సంతోషించారు. అయితే అదే చట్టం, బండి ఎవరు నడిపారో తెలియకపోతే రిజిస్టర్లో పేరున్నవాణ్ణి అడగొచ్చని పార్కింగ్ కంపెనీలకు దారి ఇచ్చింది. వాహనాల శాఖ డీవీఎల్ఏకు రెండున్నర పౌండ్లు కడితే పేరు, చిరునామా చేతికొస్తాయి. ఏటా కోటికి పైగా వివరాలు అలా బయటికి పోతున్నాయి. 2015 వరకు "ప్రైవేటోళ్ల కాగితమే, చించి అవతల పడెయ్" అనే సలహా చెల్లింది. ఆ ఏడాది నవంబరు 4న అక్కడి సుప్రీంకోర్టు, చెల్మ్స్‌ఫర్డ్‌లో రెండు గంటల గడువు దాటిన ఒక కారు మీద వేసిన 85 పౌండ్ల రుసుము చెల్లుతుందని తేల్చింది. కారు యజమాని పేరు బీవిస్. ఆ తరువాత చించి పడేసే ధైర్యం ఖరీదైపోయింది.

మావాడికి ఈ గొడవేదీ తెలియదు. నిద్రపోయిన ఆ వారంలోనే కొత్త ఉద్యోగం కోసం కోవెంట్రీకి సామాను కట్టాడు. బ్యాంకులో, ఆఫీసులో, ఫోను కంపెనీలో చిరునామా మార్పించాడు. డ్రైవింగ్ లైసెన్సు మీద కూడా మార్పించాడు. లైసెన్సు మారితే కారు కాగితం కూడా మారినట్టే అనుకున్నాడు. రెండూ ఒకే శాఖవి, కానీ దేనికదే విడిగా మార్పించుకోవాలి. కారు మాత్రం లెస్టర్ ఇంటిదిగానే ఉండిపోయింది.

ఆ ఇంటికి ఉత్తరాలు మొదలయ్యాయి. మొదటిది మర్యాదగానే వచ్చింది: 100 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 60. తరువాతిది గుర్తు చేస్తూ. ఆపైన వసూళ్ల కంపెనీ దిగి 170 చేసింది. కొత్తగా దిగిన పిల్లలు కూడా మనవైపు వాళ్లే. అన్న ఎప్పుడైనా వస్తే ఇద్దామని కరెంటు మీటరు డబ్బా మీద పేర్చారు. తరువాత ఆ కట్ట నేను చూశాను. అన్నీ కిటికీ కవర్లే, అన్నిట్లోంచీ వాడి పేరే కనబడుతోంది. ఒక దాంట్లో కోర్టు కాగితం ఉంది. ఆన్‌లైన్లో జవాబు చెప్పుకోవడానికి కేసు నంబరు, పాస్‌వర్డు అచ్చేసి పంపారు. ఆ పాస్‌వర్డు ఎవరూ వాడలేదు.

కోర్టు లెక్కలో కాగితం బయల్దేరిన ఐదో రోజుకు అందినట్టే. అక్కడి నుంచి 14 రోజుల్లో ఉలుకూ పలుకూ లేకపోతే అడిగినవాడి పక్షాన తీర్పు పడుతుంది. దాన్ని జడ్జి చదవనక్కర లేదు. మనిషి ఇల్లు మారాడని అనుమానం ఉంటే అడిగినవాడే కొత్త చిరునామా వెతకాలని రూలుంది. అనుమానం రానంతకాలం పాత గుమ్మమే చాలు. కోర్టు ఫీజు, లాయరు ఖర్చు కలిసి బాకీ 250 దాటింది.

మా ఊళ్లలో ఇది ఊహకందని సంగతి. సిరిసిల్ల నుంచి సాంచాల పనికి భివండికి పోయిన మావాళ్లు గది మారినా ఉత్తరం కార్ఖానాకు చేరేది, అక్కడి నుంచి మనిషికి చేరేది. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు పుట్టినప్పుడు గడప కదలకుండానే మా అందరి చిరునామా మారిపోయింది. కరీంనగర్ జిల్లా అని రాసిన ఉత్తరాలు తరువాత కూడా బావకు అందుతూనే ఉన్నాయి. పోస్టుమాన్‌కు బావ తెలుసు. ఆ కాగితం పంపిన నార్తాంప్టన్‌లోని కోర్టు కేంద్రానికి మావాడు తెలియదు.

పెళ్లయింది, పాప పుట్టింది. ఇద్దరి జీతాలూ కూడబెట్టి చిన్న ఇల్లు కొందామని బ్యాంకుకు పోయారు. వాడి పేరు మీద కోర్టు తీర్పు ఉందని బ్యాంకు చెప్పిన రోజే వాడికి ఆ సంగతి తెలిసింది. అప్పుడే తండ్రికి ఫోను చేశాడు.

"ఎవలిదన్న బాకీ ఉంటే కట్టెయ్ బిడ్డా, ఎందుకు ఉంచుకునుడు?" అన్నాడు బావ.

ఆ సాయంత్రమే మావాడు మొత్తం కట్టేశాడు. ఇంకెవరినీ అడగలేదు. తీర్పు వచ్చిన నెలలోపు కడితే తీర్పుల రిజిస్టర్ నుంచి పేరు తుడుస్తారు. నెల దాటితే "చెల్లించాడు" అని పక్కన రాస్తారు, పేరు మాత్రం 6 ఏండ్లు ఉంటుంది. కాగితం తనకు అందనేలేదని, తీర్పు రద్దు చెయ్యమని దరఖాస్తు పెట్టుకునే దారి ఒకటుంది. దాని రుసుము 300 పౌండ్ల పైచిలుకు, అసలు బాకీ కన్నా ఎక్కువ. పైగా తెలిసిన వెంటనే కదలాలి. బాకీ తీరింది గనక పీడ పోయిందనుకొని వాడు నెలలు గడిపాడు. రెండో బ్యాంకు కూడా కాదన్నాక లాయరు దగ్గరికి పోతే, ఇంత ఆలస్యానికి కోర్టుకు ఏం చెబుతావని ఆయన అడిగాడు.

ఇల్లు కొనుడు పోయింది. ఉన్న అద్దె ఇల్లు ఓనరు అమ్ముకున్నాడు. కొత్త ఇంటికి పోతే ఏజెన్సీవాళ్లు రిజిస్టర్ చూసి ఆరు నెలల అద్దె ముందే కట్టమన్నారు. దాచిన పైసలు అందులోకే పోయాయి, కోరుట్ల ఇంటి మీది లోను కిస్తీలు ఆగాయి. కోడలు పాపను తీసుకొని మా అక్క దగ్గరికి వచ్చేసింది. వాడు మళ్లీ నలుగురితో ఒక ఇంట్లో, చదువుకునే రోజుల్లో ఉన్నట్టే ఉన్నాడు. బావ మాత్రం కలిసినప్పుడల్లా నన్ను ఒకే మాట అడుగుతాడు: "కట్టినం గదా బామ్మర్దీ, ఇంక మనం ఎవలికి బాకీ?" బాకీ తీరినా మచ్చ తీరని లెక్క ఒకటుందని ఆయనకు ఎట్లా చెప్పాలి?

ఇప్పటికీ మా మూడు ఊళ్ల నుంచి పిల్లలు బయల్దేరుతూనే ఉన్నారు. అక్కడ ఇంటి తాళాలు అప్పగించే రోజున కారు కాగితం మీద చిరునామా మార్చుకోవాలి. ఆన్‌లైన్లో పైసా ఖర్చు లేని పని. మార్చకపోతే 1000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. పాత ఇంటికొచ్చే ఉత్తరాలను కొత్త ఇంటికి మళ్లించమని రాయల్ మెయిల్‌కు కొంత రుసుము కట్టాలి. ఎక్కడైనా గడువు దాటామన్న అనుమానం ఉంటే ఆ పార్కింగ్ కంపెనీకి మనమే ముందుగా కొత్త చిరునామా రాసి పంపాలి. తీర్పు పడిందని తెలిస్తే, కట్టే ముందు తెలిసినవాళ్లను అడగాలి. ఇవన్నీ కలిపి అరపూట పని. సామాను కట్టిన ఆ వారంలో మావాడికి అరపూట దొరకలేదు.