ఆపరేషన్ గ్లవ్స్: చిల్లుతో పోరాటం

శస్త్రచికిత్సలో రబ్బరు గ్లవ్స్ వాడకం అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో స్థిరపడింది. అక్కడి ఆపరేషన్ గది నర్సు కరోలిన్ హాంప్టన్ చేతులు క్రిమిసంహారక మందైన మెర్క్యురిక్ క్లోరైడ్ తగిలి పొక్కిపోయేవి. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఆమె కోసం గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ చేత పలుచని గ్లవ్స్ చేయించాడు. 1890లో వారిద్దరూ పెళ్లి చేసుకున్నారు. అప్పటికి గ్లవ్స్ ఉద్దేశం చేతుల రక్షణే. హాల్‌స్టెడ్ శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్ వాటిని క్రమం తప్పకుండా వాడి, హెర్నియా ఆపరేషన్లలో గాయం చీము పట్టడం బాగా తగ్గిందని 1899లో వెల్లడించాడు.

చాలాకాలం ఒకే జతను కడిగి, చిల్లులు వెతికి, అతుకు వేసి, పౌడరు చల్లి, ఆవిరిలో శుద్ధి చేసి మళ్లీ వాడేవారు. 1960లలో ఒకసారి వాడి పారేసే గ్లవ్స్ వచ్చాక అతుకుల పని తప్పింది గానీ చిల్లు ముప్పు తప్పలేదు. కుడిచేతి వాటం సర్జన్‌కు సూది ఎక్కువగా గుచ్చుకునేది ఎడమ చూపుడువేలికే. చాలా చిల్లులు ఆపరేషన్ ముగిసేదాకా కంటపడవు. అటు రోగికి, ఇటు సర్జన్‌కు ప్రమాదం అక్కడే ఉంది. 1980లలో హెచ్ఐవీ భయంతో రెండు జతలు తొడుక్కునే పద్ధతి ఊపందుకుంది. లోపల ముదురురంగు జత, పైన లేతరంగు జత ఉంటే, పైపొర చిరిగినచోట తడి చేరి ముదురు మచ్చ తేలుతుంది. సర్జన్ వెంటనే గ్లవ్స్ మార్చుకోగలుగుతారు.