పాత ఫిల్మ్ పారేయొద్దక్కా

సూళ్లూరుపేట నుంచి వచ్చిన లోకల్ తడలో ఆగింది. మీ ముందు ఎక్కుతున్న అక్క కమ్మీని పిడికిలితో పట్టుకోదు. మోచేతిని దానికి మెలేసి ఒంటిని పైకి లాక్కుంటుంది. భుజానికి బట్టల కొట్టు సంచి, అందులో రెండు ఎక్స్‌రే కవర్లు. 2022లో తడ నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది గానీ, పెద్ద జబ్బంటే ఆమె దారి ఇప్పటికీ మద్రాసుకే.

కిటికీ పక్కన చోటు దొరికింది. అక్క చేతులు ఒళ్లో పరిచి చూపిస్తుంది. చూపుడు వేలు, నడిమి వేలు మొదలయ్యే చోట మెటికలు ఉబ్బాయి. వాటి నడుమ ఉండాల్సిన గుంట పూడిపోయింది. “పులికాట్ రొయ్యలు ఒలిచిన చేతులివి. ఇప్పుడు పొద్దున లేస్తే గంట దాకా పిడికిలి పడదు” అంటుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద పడే కీళ్లవాతం. పేరు ఆమెకు ఎప్పుడో చెప్పేశారు. ఇవాళ్టి గొడవ వేరు. “రెండు చోట్ల ఫిల్మ్ తీయించినా. ఒకాయన ఎముక తినేసిందన్నాడు, ఇంకొకాయన అట్లాంటిదేం లేదన్నాడు. ఎవర్ని నమ్మేది?”

ఆరంబాక్కం వచ్చేసరికి స్టేషన్ బోర్డులు తమిళనాడువి. మీరు ఒక ఫిల్మ్ తీసి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంటారు. తెల్లటి ఎముకలు, వాటి మధ్య సన్నటి నల్లటి సందు. అది ఖాళీ కాదు, ఎక్స్‌రేకి కనబడని మృదులాస్థి. అది అరిగితే సందు ఇరుకవుతుంది. జబ్బు ఎముకను కొరికితే అంచు మీద చిన్న గంటు పడుతుంది. చూపుడు వేలు మొదట్లో ఒక గంటు ఉన్నట్టే ఉంది. ఫిల్మ్ కొంచెం వంచితే లేనట్టూ ఉంది.

మద్రాసు సెంట్రల్‌లో దిగి సబ్‌వే దాటితే ఎదురుగా రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి. కీళ్లవాతానికి ఇక్కడ ప్రత్యేక విభాగమే ఉంది. వరస కదిలి లోపలికి వెళ్లాక, డాక్టరమ్మ రెండు ఫిల్ములూ లైటు డబ్బా మీద పక్కపక్కన తగిలించి, తేదీలున్న మూలలు చీటీతో మూసేస్తుంది. “ఏది పాతది?” అని జూనియర్‌ని అడుగుతుంది. ఆ అమ్మాయి చాలాసేపు చూసి, “చెప్పలేను మేడమ్” అంటుంది.

“మంచి జవాబు” అంటుంది డాక్టరమ్మ.

తేదీ తెలిస్తే కన్ను కొత్త ఫిల్ములో ఎక్కువ నష్టం వెతుక్కుంటుంది. అందుకే మందుల పరీక్షల్లో చాలావరకు తేదీలు దాచి, ఇద్దరితో విడివిడిగా చదివిస్తారు. ఆ చదువుకు షార్ప్ అనే వైద్యుడు 1971లో మొదలుపెట్టిన మార్కుల లెక్కను వాన్ డెర్ హైడె అనే వైద్యురాలు 1989లో సవరించింది. చేతులు, పాదాల్లో కీలు కీలుకూ గంట్లకు ఇన్ని, సందు ఇరుకుకు ఇన్ని అని మార్కులు. అన్నీ కలిపితే గరిష్ఠం 448. ఇద్దరు చదివితే నాలుగైదు మార్కుల తేడా మామూలే. ఒకే మనిషి కొన్ని వారాలాగి మళ్లీ చదివినా అంకె కదులుతుంది. కాబట్టి చదువులో వచ్చే తేడా కంటే పెద్ద మార్పు కనబడితేనే జబ్బు ముదిరిందనాలి. మామూలు ఓపీలో ఈ మార్కులు ఎవరూ వేయరు, కంటి అంచనాయే.

డాక్టరమ్మ స్కేలు అంచుతో కొత్త ఫిల్ములో ఒక వేలు చూపిస్తుంది. “ఇక్కడ వేలు బల్లకు ఆనలేదు, వంగి ఉంది. వంగిన కీలు సందు నిజంగా అరగకపోయినా ఇరుగ్గా పడుతుంది. గంటు సంగతి వేరు, అది రెండింట్లోనూ ఉంది.” చేతులకు మళ్లీ, పాదాలకు కూడా ఎక్స్‌రే రాస్తుంది. “నొప్పి చేతులకు కదమ్మా!” అంటుంది అక్క. కాలి చిటికెన వేలి మొదట్లో, అరికాలు వెడల్పయ్యే చోట, నొప్పి తెలియకముందే గంటు పడొచ్చు. అందుకు.

పక్క గదిలో అల్ట్రాసౌండ్. మెటిక మీద చల్లటి జెల్లీ మందంగా వేస్తారు. ప్రోబ్ తాకీ తాకనట్టు ఆనగానే బూడిద రంగు తెర మీద ఎర్రటి చుక్కలు మినుకుమంటాయి. వాచిన పొరలో పారుతున్న రక్తం అది. “ఇప్పుడు చూడండి” అని డాక్టరమ్మ ప్రోబ్ కాస్త నొక్కుతుంది. చుక్కలు మాయం. వదిలితే మళ్లీ వచ్చాయి. చెయ్యి బరువైతే సన్నటి రక్తనాళాలు అణిగిపోయి, మండుతున్న కీలు చల్లబడిన కీలులా కనబడుతుంది. ఈ పరికరానికి ఉన్న పెద్ద బలహీనత ఇదే: చూసే కంటితో పాటు పట్టుకునే చెయ్యీ కుదరాలి. బలమూ తక్కువది కాదు. 2000లో లీడ్స్ వైద్యులు 100 మంది రోగుల వేళ్ల కీళ్లు చూస్తే, ఎక్స్‌రేలో 17 మందికి గంట్లు కనబడ్డాయి, అల్ట్రాసౌండ్‌లో 56 మందికి. ఎమ్మారై ఇంకా లోపలికి వెళ్లి, గంటు పడకముందే ఎముకలో చేరే నీటిని పట్టిస్తుంది. కాకపోతే ఖరీదు. పైగా జబ్బు లేనివాళ్ల ఎముకల్లోనూ చిన్న చిన్న గంట్లు చూపిస్తుంది.

అక్క తన ప్రశ్న ఇక్కడా వేస్తుంది, ఎవర్ని నమ్మేదని. డాక్టరమ్మ తెలుగు కలిపిన తమిళంలో జవాబిస్తుంది. ఇవాళ మంట ఉందా లేదా అన్నది స్కానింగ్ చెప్తుంది, ఉంది. ఏడాదిలో ఎముక ఎంత పోయిందో ఎక్స్‌రే చెప్పాలి, కానీ చెయ్యి ఒకేలా పెట్టి తీసిన రెండు ఫిల్ములు ఇంకా లేవు. మందు పెంచడానికి మంట చాలు. వాచిన కీళ్లు లెక్కపెట్టి, రక్తపరీక్ష కాగితం చూసి, వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర మోతాదు మారుస్తుంది.

“పాతవి పారేసి ఫోన్లో ఫొటో పెట్టుకోనా?” అడుగుతుంది అక్క. సంచి మొయ్యడం కష్టం మరి.

“వద్దమ్మా, మిల్లీమీటరు గంటు ఫోన్లో కనబడదు. పాతవి రెండూ, ఈరోజుదీ తెచ్చుకో. వచ్చే ఏడు ఇక్కడే, వేళ్లు ఈరోజులానే ఆనించి తీద్దాం. అప్పుడు ముదిరిందో లేదో గట్టిగా చెప్తాను.”