రంగం మేస్త్రీ చెప్పని సంగతి

2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల వాళ్లలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. అయితే పని కోసం సముద్రం దాటడం ఆ తీరానికి ఈ దీవులతో మొదలైంది కాదు. అంతకు ముందే కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి జనం ‘రంగం’ పోయేవారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. అక్కడ ఏం పని దొరుకుతుంది, కూలి ఎంత అన్నది చాలామందికి కూలీలను కుదిర్చి తీసుకెళ్లే మేస్త్రీ చెబితేనే తెలిసేది. ఉపాధి సలహా చెడిపోయేది అబద్ధం వల్లనే అనుకుంటాం. సగం చెప్పి ఆపేయడం వల్ల అంతకన్నా ఎక్కువ చెరుపు జరిగిందని నేనంటాను.

కాగితం మీద రాసి ఇస్తే ఈ తిప్పలు ఉండేవి కావంటారా? దక్షిణాఫ్రికాలోని నేటాల్ సంగతి చూడండి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల ఒప్పందంలో జీతం స్పష్టంగానే ఉంది: మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు. అంకె ఉంది కానీ యజమాని ఆ అంకె చెల్లించకపోతే కూలివాడు వెళ్లి తట్టే తలుపు లేనట్టే. 1871లో మద్రాసు తిరిగొచ్చినవాళ్లు జీతాలు ఎగ్గొట్టారని, కొట్టారని, ఇస్తామన్న 10 పౌన్ల బహుమానం ముట్టలేదని మొరపెట్టుకున్నారు. 1872లో నేటాల్‌లో విచారణ సంఘం వేశారు, మధ్యలో ఆగిపోయిన వలస 1874లో మళ్లీ మొదలైంది. 1895 చట్టమైతే, ఆ తర్వాత వచ్చి, గడువు తీరాక మళ్లీ ఒప్పందం చేసుకోకుండా అక్కడే ఉండిపోయేవారి మీద ఏటా 3 పౌన్ల పన్ను వేసింది. 3 పౌన్లంటే 60 షిల్లింగులు, మొదటి ఏటి లెక్కన ఆరు నెలల జీతం. 1914 దాకా ఆ పన్ను పోలేదు.

కరువు తరిమితే ఎవరు ఆగుతారు, సలహా బాగున్నా బాగోకపోయినా వెళ్లేవారే కదా అని ఒక అభ్యంతరం. 1876-78 కరువు తలుచుకుంటే అందులో నిజముంది. అయినా ఆకలి ప్రయాణానికి కారణమవుతుంది గాని షరతు దాచడానికి సమర్థన కాదు. గత్యంతరం లేనివాడికే అప్పు లెక్క ముందుగా తెలియాలి. మన ఊరివాడు, మన కులంవాడు చెబితే నమ్మొచ్చుగా అన్నది ఇంకొక మాట. ఇది మరింత గట్టిది, ఎందుకంటే అయినవాళ్ల కబురు అందుకుని వెళ్లి బాగుపడ్డ కుటుంబాలు నిజంగా ఉన్నాయి. కానీ రంగం మేస్త్రీ కూడా తరచు ఊరివాడే, తనూ ఒకప్పుడు కూలిగా వెళ్లినవాడే. ఓడ ఛార్జీకి ముందుగా బయానా ఇచ్చేవాడు. కూలి డబ్బు అతని చేతి మీదుగా వచ్చేది, అందులోంచి అప్పూ, తన వాటా మినహాయించుకునేవాడు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద అల్లర్లు చెలరేగుతాయని అతను ముందే ఎందుకు చెప్పలేదని నేనడగను, అది ఎవరికీ తెలియదు. మినహాయింపు సంగతి మాత్రం ఓడెక్కించే రోజున అతనికి పైసాతో సహా తెలుసు.