రిట్జ్ హోటల్ ఎవరి జ్ఞాపకం?

హైదరాబాద్‌లో ఏ పాత మేడను చూపించినా 'నిజాం కట్టించింది' అనేస్తారు. ఆ ఒక్క మాటతో చరిత్ర అయిపోతుంది. అదే మాటతో మేమంతా నవాబుల వారసులమైపోతాం. బస్తీలో రిక్షా తొక్కేవాడూ, పంక్చర్లు వేసేవాడూ నవాబే!

నౌబత్ పహాడ్ మీది హిల్ ఫోర్ట్ ప్యాలెస్‌నే తీసుకోండి. పాతతరం దాన్ని రిట్జ్ హోటల్ అనే ఎరుగుదురు. దాన్ని కట్టించింది నిజాం కాదు, సర్ నిజామత్ జంగ్. 1915లో కట్టుకున్న సొంతిల్లు. ఆయన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో చదువుకున్నాడు. ఆ కాలేజీ పోలికలోనే ఇక్కడ బురుజులు లేపించాడు. ఇంగ్లీషులో సానెట్లు రాశాడు. ముస్లిం అంటే కత్తీ, అత్తరూ, బిర్యానీ తప్ప ఇంకేమీ గుర్తురాని వాళ్ళకు ఈ న్యాయమూర్తి, ఈ కవి ఎక్కడా కనపడడు.

1929లో నిజాం ఆ ఇంటిని కొన్నాడు. ఆయన రెండో కొడుకు మొజ్జం జా అందులో ఉన్నాడు. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని బాగుచేయడానికి 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుకు అతను అధ్యక్షుడు. 1935 నాటి మొజంజాహి మార్కెట్ అతని పేరు మీదిదే.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. రాజుగారి మేడలు చేతులు మారాయి. ఆ రోజుల్లోనే పల్లెల్లో మావాళ్ళు వేలల్లో చచ్చిపోయారు. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనం చూడటానికి దొరకలేదు. రాజుకు రాజప్రముఖ్ పదవి దక్కింది. రైతుకూ, నేతగాడికీ ఏం దక్కింది? నవాబు చరిత్రనూ మా చరిత్రనూ ఒకే గాటన కట్టొద్దని మేం అనేది ఇందుకే.

1955లో ఆ భవనం రిట్జ్ హోటలయింది. దాదాపు నాలుగు దశాబ్దాలు నడిచింది. జడ్జి పేరుంది, యువరాజు పేరుంది. అక్కడ వండినవాళ్ళ, వడ్డించినవాళ్ళ, దుప్పట్లు ఉతికినవాళ్ళ పేర్లు ఏ ఫలకం మీదా ఉండవు. హోటల్ మూతపడ్డాక భవనం పర్యాటక శాఖ చేతికొచ్చింది, పాడుబడింది. దాన్ని కాపాడమని హైకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది.

కూలగొట్టడానికి బుల్డోజరే అక్కర్లేదు. తాళం వేసి ఊరుకుంటే చాలు. కప్పులో నీళ్ళు దిగుతాయి, పగుళ్ళలో రావి మొలుస్తుంది, వేరు గోడను చీలుస్తుంది. బాగుచేస్తున్నామని సున్నపు గోడకు సిమెంటు పూసినా అంతే. తేమ లోపలే నిలిచి గోడను తినేస్తుంది. చట్టం సంగతీ చూశాం. వారసత్వ కట్టడాలకు రక్షణగా 1995లో వచ్చిన పదమూడో నిబంధనను 2015లో ఎత్తేశారు. 2017లో కొత్త చట్టం తెచ్చారు. కాగితం మారినంత తొందరగా కప్పు బాగుపడదు.

బాగుచేయడం ఒక్కటే చాలదు, ఎవరికోసమన్నది కూడా తేలాలి. ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో తాజ్ హోటలయింది. చక్కగా బాగుచేశారు. కాని గుట్ట కింది బస్తీవాళ్ళకు ఆ గేటు దాటే స్తోమత ఏది? మొజంజాహి మార్కెట్‌నూ బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు. అక్కడికి ఎవరైనా పోవచ్చు, ఐస్‌క్రీం తినిరావచ్చు. మాకు ఈ రెండో దారి కావాలి.

హిల్ ఫోర్ట్ మా జాగీరని మేం అనడం లేదు. అది ఈ నగరానిది, నగరంలో మేమూ ఉన్నాం. దాన్ని నిలబెట్టండి, తలుపులు తెరవండి. గుమ్మం దగ్గర జడ్జి పేరుతో పాటు రాళ్ళెత్తినవాళ్ళ గురించీ, వంటింట్లో చెమటోడ్చినవాళ్ళ గురించీ రెండు వాక్యాలు రాయండి. అప్పుడు మా పిల్లలు అక్కడికి వారసుల్లా కాదు, అతిథుల్లా కాదు, ఈ ఊరివాళ్ళలా పోతారు.