గడి చుట్టూ ఊరు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పాత ఊళ్లలో గడి ఎక్కడుందో చూస్తే ఊరి చరిత్ర సగం తెలిసిపోతుంది. మెరక మీద, బురుజుల ప్రహరీ లోపల దొర ఇల్లు. దర్వాజ ముందు నుంచే ఊరి పెద్దబాట. దగ్గరలో పట్వారీ ఇల్లు, కోమట్ల దుకాణాలు. తర్వాత కాపుల వాడ. ఇంకా అవతల చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, సాలె ఇళ్లు. ఊరు దాటాక మాల, మాదిగ వాడలు. భూమి ఎవరిది, చాకిరీ ఎవరిది అన్న లెక్క ఇండ్ల వరుసలోనే ఉంది.

ఉత్తరాన గోదావరి, దక్షిణాన మానేరు. ఈ రెంటి నడుమ నేలకు గడీలకన్నా చాలా పాత చరిత్ర ఉంది. పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉన్న కోటిలింగాలలో సాతవాహనుల తొలి రాజు సిముకుడి నాణేలతో పాటు, అంతకు ముందటి గోభద, నారన, కంవాయ, సమగోపల నాణేలూ దొరికాయి. వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో పంప మహాకవి ఉన్నాడు. జగిత్యాల పక్కనున్న పొలాస ఇవాళ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్న ఊరు. ఒకప్పుడది పొలవాస రాజ్యానికి రాజధాని. దాని పాలకుడు మేడరాజును కాకతీయ రుద్రదేవుడు ఓడించిన సంగతి 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో ఉంది. శాసనాలు చెక్కించుకున్నవాళ్ల చరిత్ర ఇది. చెక్కించుకోలేనివాళ్ల చరిత్ర కావాలంటే మళ్లీ గడి దగ్గరికే రావాలి.

ఆ గడికి బలం ఎక్కడిది? ఆసఫ్‌జాహీల కాలంలో శిస్తు వసూలు దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేల చేతుల్లో ఉండేది. 1860ల్లో దివాను మొదటి సాలార్‌జంగ్ జిలాబందీ తెచ్చి, సర్కారే శిస్తు తీసుకునే ఏర్పాటు చేశాడు. అధికారం పోయినందుకు వాళ్లకు ఏటా రుసుం కట్టించాడు. కానీ ఏ భూమిలో ఎవరున్నారో తెలిసినవాళ్లు వాళ్లే. కొత్త కొలతలు వచ్చినప్పుడు మంచి భూములు వాళ్ల పేర్ల మీదకు చేరాయి. మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ గిరీలు కూడా అనేక ఊళ్లలో ఆ ఇండ్లలోనే ఉండిపోయాయి. శిస్తు, ఠాణా, రికార్డు మూడూ ఒకే దర్వాజ లోపల ఉంటే రైతు ఎవరికి చెప్పుకోవాలి?

వెట్టి అంటే కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం మాత్రమే అనుకుంటే దాని బరువు తెలియదు. చాకలి గడి బట్టలన్నీ ఉతకాలి, దొరసాని ఎక్కడికి పోయినా వెంట నడవాలి. మంగలి రాత్రి దొర కాళ్లు పిసకాలి. కుమ్మరి కుండలియ్యాలి, నీళ్లు మొయ్యాలి. గొల్ల పండుగకో గొర్రెను తోలాలి. మాదిగ మోట బొక్కెనలు, చెప్పులు కుట్టాలి. బేగరి కబురు పట్టుకొని ఎండా వానా చూడకుండా పక్క ఊరికి ఉరకాలి. దొర పొలంలో నాటు పడేదాకా తమ పొలంలో నారు పీకే వీల్లేదు. గడి ముందు నుంచి పోతే చెప్పులు చేతిలోకి రావాలి, గొడుగు ముడవాలి. ఆలుమగల తగువైనా, గట్టు తగాదా అయినా తీర్పు గడిలోనే, దండుగ కట్టేదీ గడిలోనే. కట్టలేనివాడు దొర దగ్గరే జీతానికి కుదిరేవాడు. తండ్రి బాకీకి కొడుకు కూడా జీతం ఉండేవాడు.

ఈ దొరతనం మీద లేచిన తెలంగాణ సాయుధ పోరాటం నల్లగొండ, వరంగల్లంత ఉధృతంగా ఇక్కడ సాగలేదు. అయినా అప్పటి కరీంనగర్ జిల్లా 1948 మార్చిలో హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్ గుట్టల్లో పోరాట నాయకుడు అనభేరి ప్రభాకరరావును పోగొట్టుకుంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. గడీలు మాత్రం రద్దు కాలేదు. దొర సర్పంచయ్యాడు, సమితి అధ్యక్షుడయ్యాడు, రైస్ మిల్లు పెట్టాడు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు కాలువ ఇటు రావడంతో భూమి విలువ పెరిగింది. 1973 భూసంస్కరణల చట్టం వచ్చేసరికి మిగులు భూమి బినామీ పేర్లలోకి సర్దుకుంది. 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చినా, గడి గుమ్మం దాటి లోపలికి పోయి దాన్ని అమలు చేసిన అధికారి అరుదు.

చట్టాలు చేయలేని పని కూలీలు మొదలుపెట్టారు. ఎమర్జెన్సీ ఎత్తేశాక ఊరూరా సంఘాలు లేచాయి. అవి అడిగినవన్నీ చేతికందే కోరికలే: కూలి పెంచాలి, వెట్టి ఆపాలి, వసూలు చేసిన దండుగలు తిరిగియ్యాలి, దొరలు పట్టుకున్న బంజరు వదలాలి. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. వేల మంది కూలీలు, చిన్న రైతులు ఎర్రజెండాలతో పట్నం వీధుల్లో నడిచారు. గడి ముందు తలెత్తి నడవని మనుషులు తాలూకా కేంద్రం నడిబజారులో నినాదాలిచ్చారు. నా దృష్టిలో ఈ ప్రాంత చరిత్రలో ఇంతకన్నా పెద్ద ఘటన లేదు.

మాట వినని దొరలకు సాంఘిక బహిష్కరణ పడింది. చాకలి రాలేదు, మంగలి రాలేదు, జీతగాడు పశువులను విప్పలేదు. కొందరు దొరలు ఊరొదిలి కరీంనగర్, హైదరాబాద్ చేరారు. 1978 అక్టోబరు 20న చెన్నారెడ్డి ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తర్వాత ఊళ్లలో పోలీసు క్యాంపులు, అరెస్టులు, అజ్ఞాతవాసాలు. రెండు దశాబ్దాలకు పైగా ఈ పల్లెలు నక్సలైట్లు, పోలీసులు రెండు వైపులా ప్రాణాలు పోగొట్టుకున్నాయి. ఆ దుఃఖం ఇంకా చాలా ఇండ్లలో ఫొటోలై గోడలకు ఉంది.

భూమి దక్కనివాళ్లు ఊరు దాటారు. సిరిసిల్ల పద్మశాలీలు భీవండి, షోలాపూర్ మగ్గాలకు. కోరుట్ల, జగిత్యాల యువకులు దుబాయి, మస్కట్‌లకు. ఇంటి దగ్గర ఆడవాళ్లు బీడీలు చుట్టారు. గల్ఫ్ పైసలతో కట్టిన డాబాలు కాపువాడ దాటి, గడిని దాటి బస్సు రోడ్డు పొంటి వరుస కట్టాయి. ఊరి నడిబొడ్డు మారిపోయింది. ఊరవతలి వాడలు మాత్రం చాలాచోట్ల పాతచోటనే ఉన్నాయి.

ఇప్పుడు గడీలను వారసత్వ కట్టడాలుగా కాపాడాలన్న మాట వినిపిస్తోంది. కాపాడాల్సిందే. అయితే బురుజుల కొలతల పక్కన అందులో వెట్టి చేసిన కుటుంబాల పేర్లూ రాయాలి. 1978లో పాతికేళ్లున్నవాళ్లు డెబ్బై దాటారు. బొక్కెన కుట్టిన మనిషి, దండుగ కట్టిన మనిషి, జైత్రయాత్రలో నడిచిన తల్లి ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల డిగ్రీ కాలేజీల చరిత్ర విద్యార్థులు సెలవుల్లో తమ సొంత ఊళ్లలోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. ఫోన్లో రికార్డరుంటే చాలు, వచ్చే ఎండాకాలం దాకా ఆగకుండా.